పల్లపు మడిలో తెల్లటి పొర ఎందుకు?

ప్రశ్న: సాగర్ ఎడమ కాలువ కింద మాకు నాలుగెకరాలుంది. మెరకన ఎర్ర చల్కా, వాగు పక్కన నల్లరేగడి. పల్లపు మడిలో వరి సరిగా ఎదగడం లేదు. వేసవిలో నేల మీద తెల్లటి పొర కడుతోంది. ఏం చేయాలి?
– ఒక రైతు, మిర్యాలగూడ ప్రాంతం

జవాబు: ఆ పొర చౌడుకు గుర్తు. చల్కాలో నీరు త్వరగా ఇంకి, వాలు వెంట ఊటగా పల్లానికి చేరుతుంది. రేగడిలో బంకమన్ను ఎక్కువ కాబట్టి నీరు కిందికి దిగదు. భూగర్భజలం పైకొచ్చి ఎండకు ఆవిరైతే, అందులోని లవణాలు పైనే మిగులుతాయి.

ముందు మట్టి పరీక్ష చేయించండి. లవణ సాంద్రత మీటరుకు 4 డెసిసైమన్స్ దాటి, ఉదజని సూచిక 8.5 లోపుంటే అది పాల చౌడు. మడికి గట్లు వేసి, మంచి నీరు నిలగట్టి, మురుగు కాలువలోకి తీసేయండి. సూచిక 8.5 దాటితే కారు చౌడు కావచ్చు. పరీక్షలో తేలిన మోతాదులో జిప్సం వేసి, తర్వాత జీలుగ పెంచి కలియదున్నండి.

మురుగు పోయే దారి లేకపోతే ఇవేవీ నిలవవు. వాగు దాకా కాలువ పూడిక తీయడానికి పక్క రైతులనూ కలుపుకోండి. మెరక చల్కాలో వరి మాని ఆరుతడి పంటలు వేస్తే ఊట తగ్గి, పల్లపు మడి తేరుకుంటుంది.