ఆపరేషన్‌లో కరెంటు: భయం వద్దు, దాపరికం వద్దు



తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుండి ఆపరేషన్‌కు వచ్చేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్ గారూ, లోపల కరెంటు పెడతారంట గదా, షాక్ కొట్టదా?" ఈ నెల పాఠంలో దీనికి జవాబు తెలుసుకుందాం.

కాటరీ అంటే ఏమిటి?

శరీరాన్ని కోసినప్పుడు చిన్న చిన్న రక్తనాళాలు తెగి రక్తం కారుతుంది. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గారు గుంటూరుకు వచ్చిన రోజుల్లో, నాళాన్ని పట్టుకొని దారంతో ముడి వేయడం, గుడ్డతో అదిమిపట్టడం వంటివే డాక్టర్లకు ఆధారం. 1926 అక్టోబరు 1న అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ హార్వే కుషింగ్ ఒక రోగి తలకు వచ్చిన కణితిని విలియం బోవీ అనే శాస్త్రవేత్త చేసిన కరెంటు యంత్రంతో తీశారు. కొద్ది రోజుల ముందు అదే రోగికి రక్తం ఆగక ఆపరేషన్ మధ్యలో ఆపవలసి వచ్చింది. నేడు థియేటర్లలో ఉన్న కాటరీ ఆ యంత్రం నుండి వచ్చినదే.

షాక్ ఎందుకు కొట్టదు?

ఇంట్లో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. కాటరీ కరెంటు 3 లక్షల సార్లకు పైగా ఊగుతుంది. అంత వేగానికి నరాలు, కండరాలు అదరవు. పెన్ను వంటి పరికరం కొన దగ్గర మాత్రం వేడి పుట్టి నాళం మూసుకుపోతుంది. ఆ కరెంటు మీ తొడకు అతికించిన ప్లేటు ద్వారా తిరిగి యంత్రానికి చేరుతుంది. ప్లేటు వెడల్పుగా ఉంటుంది గనుక అక్కడ చర్మం కాలదు. సరిగా అంటకపోతే మాత్రం కాలవచ్చు. అందుకే ఆ చోట వెంట్రుకలు తీసి, తడి లేకుండా తుడుస్తాము.

కాటరీ ఉన్నా పెద్ద నాళాలకు దారం ముడి అవసరం కావచ్చు. కొన్ని ఆపరేషన్లకు రక్తం కూడా సిద్ధంగా ఉండాలి. రక్తం ఇమ్మని అడిగితే బంధువులు వెనుకాడవద్దు.

మీరు చేయవలసినవి

1. గాజులు, ఉంగరాలు, మెట్టెలు, పుస్తెలు తీయండి. లోహం తగిలిన చోట చర్మం కాలే ప్రమాదం ఉంది. పుస్తెలు తీస్తే భర్తకు కీడని దాచుకునే తల్లులున్నారు. అమ్మా, వాటిని ఆయన చేతికే ఇచ్చి రండి. ఊడిరాని ఉంగరం ఉంటే ముందే చెప్పండి.

2. గుండెకు పేస్‌మేకర్ ఉంటే తప్పక చెప్పి, దాని కార్డు చూపండి. కాటరీ కరెంటు దాని పనికి అడ్డు రావచ్చు.

3. ఎముకలో రాడ్డు, కృత్రిమ కీలు ఉంటే ఎక్కడుందో చెప్పండి. ప్లేటును దానికి దూరంగా అతికిస్తాము.

4. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే చెప్పండి. మీ అంతట మీరు మానవద్దు. ఎప్పుడు ఆపాలో డాక్టరు గారే చెబుతారు.

5. ఆపరేషన్ తరువాత ప్లేటు అతికించిన చోట మంట గాని, బొబ్బ గాని ఉంటే వెంటనే సిస్టర్‌కు చూపండి.

పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గుంపులో దాగి వచ్చి ప్రభువు వస్త్రాన్ని ముట్టింది. చివరకు ఆయన ముందు సాగిలపడి సంగతంతా చెప్పింది. థియేటర్‌కు వెళ్ళే ముందు మీరు కూడా ఏదీ దాచక మాకు చెప్పండి. మీరు చెప్పే ఆ ఒక్క మాట మీ ప్రాణానికి కాపు కావచ్చు.