చెరసాల ఒక్కటే శిక్షయా?

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 22:1-4, మత్తయి 25:36



జైలులో ఉన్నవారందరు నేరము రుజువైనవారే అనుకొనుట పొరపాటు. 2022 చివర మన దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది తీర్పు కొరకు ఎదురుచూచు విచారణ ఖైదీలే. అనగా నలుగురిలో ముగ్గురు.

1. జామీను లేనివాడు

మోతీరాం మధ్యప్రదేశ్‌లో ఒక పేద తాపీ పనివాడు. అతనికి బెయిలు దొరికినను మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగెను. సోదరుడు పూచీ ఉండ వచ్చినను, అతని ఆస్తి వేరొక జిల్లాలో ఉన్నదని ఒప్పుకొనలేదు. 1978లో సుప్రీంకోర్టు అతనిని 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై విడువుమని ఆజ్ఞాపించెను. దూర ప్రాంతమున పట్టుబడిన ఆంధ్రుడో, కన్నడిగుడో అక్కడ ఆస్తిగల జామీనుదారుని ఎట్లు తేగలడని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో అడిగిరి. పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనకు ఈ ప్రశ్న బాగుగా అర్థమగును.

2. విచారణ ఖైదీకి గడువు

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారము, మునుపెన్నడు శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలము జైలులో గడిపినచో, కోర్టు అతనిని బాండుపై విడువవలెను. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరములకును, ఒకటికి మించి కేసులున్నవారికిని ఇది వర్తించదు.

3. నేరము రుజువైన తరువాత

1958 నాటి ప్రొబేషన్ చట్టము క్రింద, తగిన కేసులలో కోర్టు ముద్దాయిని జైలుకు పంపక సత్ప్రవర్తన బాండుపై విడువవచ్చును. నష్టపోయినవానికి పరిహారము ఇప్పించవచ్చును. 5,000 రూపాయలకు తక్కువ సొత్తు దొంగిలించి మొదటిసారి దోషియైనవాడు దానిని తిరిగి ఇచ్చినచో, భారతీయ న్యాయ సంహిత ప్రకారము అతని శిక్ష సమాజ సేవ.

ఇది నేరమును వెనుకవేసుకొనుట కాదు. హాని చేయు స్వభావముగలవానిని దూరముగా ఉంచవలసినదే. అయితే మోషే ధర్మశాస్త్రము దొంగను సొత్తు యజమానునికి మరల చెల్లించుమన్నది. జైలులో కూర్చున్నవాడు ఏమి చెల్లించును? అతని కూలిమీద బ్రతుకు పిల్లలు ఏమి తిందురు?

4. మనము చేయగలది

కస్టడీలో ఉన్నవానికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడుగవలెను. పనికొరకు క్రొత్తగా వచ్చిన తెలుగు కుటుంబమునకు స్థానిక భాష రానప్పుడు, ఆ భాష చదువుకొన్న మన యౌవనస్థులు తోడు వెళ్లవలెను. జామీను ఉండువారు మనిషిని ఎరిగియే ఉండవలెను. అతడు వాయిదాకు రానిచో ఆ సొమ్ము తమపై పడును.

ప్రశ్నలు

1. మోతీరాంకు బెయిలు దొరికినను ఎందుకు విడుదల కాలేదు?
2. సొత్తు తిరిగి ఇచ్చుటవలన ఎవరెవరికి మేలు?
3. మన సంఘములో కోర్టుకు తోడు వెళ్లగలవారు ఎవరు?