ఒక కెమెరా, ఒక లెన్సు, ఇంటిల్లిపాదీ

శెనక్కాయ పంట దెబ్బతిన్నప్పుడల్లా ఊళ్లకు ఊళ్లు బెంగళూరు బస్సెక్కే సీమ మనది. అవ్వ, నాయన, చిన్నాయన, పిల్లోళ్లు అందరూ ఒకే బండిలో కూర్చునేది ఏడాదికి ఒకటో రెండో సార్లు. ఆ ప్రయాణంలో పెద్ద కెమెరా సంచి మోస్తూ, లెన్సులు మారుస్తూ వెనకబడితే గుడి ఫొటోలు వస్తాయి గానీ ఇంటోళ్ల ఫొటోలు రావు. మరి సామాను ఎంత తగ్గించొచ్చు? లెక్క వేసి చూద్దాం.

రెండు రోజుల దారి అనుకోండి. అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పక్కకు తిరిగితే లేపాక్షి. అక్కణ్ణుంచి గోరంట్ల మీదుగా కదిరి వైపు పోతే తిమ్మమ్మ మర్రిమాను.

సామాను: ఏపీఎస్-సీ సెన్సార్ కెమెరా ఒకటి, 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు ఒకటి, ఇంకో బ్యాటరీ, 64 జీబీ కార్డు, దుమ్ము ఊదే బ్లోయర్, మెత్తటి గుడ్డ. జేబులో ఫోను ఎట్లాగూ ఉంటుంది. 24 మెగాపిక్సెల్ జేపెగ్ ఒక్కోటి 10 ఎంబీ అనుకున్నా ఆ కార్డులో 6,000 పడతాయి. రెండో కార్డు అవసరం లేదు.

చీకటి లెక్క: లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దపు విజయనగర కాలం నాటిది. పైకప్పు మీద వర్ణచిత్రాలున్న మండపంలో వెలుతురు తక్కువ. మామూలు కిట్ జూమ్ 35 ఎంఎం దగ్గర సుమారు ఎఫ్/4.5 వరకే తెరుచుకుంటుంది. 4.5ని 1.8తో భాగించి వర్గం చేస్తే 6.25. అంటే మన చిన్న లెన్సు ఆరు రెట్లకు పైగా వెలుతురు పట్టుకుంటుంది. జూమ్‌తో ఐఎస్ఓ 6400 కావాల్సిన చోట దీనితో 1000 చాలు. ఫ్లాష్ అక్కర్లేదు, పాత రంగుల మీద అది వేయనూ కూడదు. ట్రైపాడ్ కూడా ఇంట్లోనే పెట్టండి. పురావస్తు శాఖ కట్టడాల్లో దానికి ముందే అనుమతి తీసుకోవాలి.

దూరం లెక్క: సెన్సార్ వెడల్పు 23.5 ఎంఎం, లెన్సు 35. అంటే ఎంత దూరంలో నిలబడితే అందులో మూడింట రెండొంతుల వెడల్పు ఫ్రేములో పడుతుంది. ఏకశిలా నంది పొడవు 30 అడుగులనుకున్నా 45 అడుగులు వెనక్కి నడిస్తే సరి. జూమ్ చేసే పని కాళ్లే చేస్తాయి.

మర్రిమాను దగ్గర ఈ లెక్క పారదు. ఐదెకరాలకు పైగా పరుచుకుని గిన్నిస్ పుస్తకంలోకెక్కిన చెట్టు ఏ లెన్సుకూ లొంగదు. ఒక ఊడ పక్కన పిల్లోణ్ణి నిలబెట్టండి. ఆ కొలతతో చెట్టు ఎంతదో చూసేవాళ్లకే అర్థమవుతుంది. మొత్తం విస్తీర్ణం చూపాలంటే ఫోను వైడ్ లెన్సు ఉంది కదా.

ఎండ, దుమ్ము: మిట్టమధ్యాహ్నం ఎఫ్/8, ఐఎస్ఓ 100, 1/400 సెకనుతో మొదలుపెట్టండి. నడినెత్తిన ఎండలో కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి కాబట్టి మనుషుల్ని చెట్టు నీడకో మండపం అంచుకో పిలవండి. ఒకటే లెన్సు కాబట్టి విప్పే పని లేదు, సెన్సార్ మీద దుమ్ము పడదు. ముందు గాజు మీద పడితే మొదట బ్లోయర్‌తో ఊదండి, తర్వాతే గుడ్డ. ఊదకుండా తుడిస్తే ఇసుక గీతలు పెడుతుంది. ఎండలో ఆపిన బండిలో కెమెరా వదిలిపోవద్దు.

చేసి చూడండి: ఉగ్గాని-బజ్జీ కోసం బండి ఆపినప్పుడు అవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఎఫ్/2.8 పెట్టి, దగ్గరున్న కంటి మీద ఫోకస్ చేసి, "నవ్వు అవ్వా" అనకుండా ఆమె మాట్లాడుతుండగానే తీయండి. తర్వాత కెమెరాను బండి బానెట్ మీద పెట్టి, 10 సెకన్ల టైమరు నొక్కి మీరూ పోయి నిలబడండి. ఫొటోలు తీసేవాడే ఏ ఫొటోలోనూ లేని ఇళ్లు ఎన్నో.

ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేయించి, దండ వేసి గోడకు తగిలించిన ఇళ్లు మన ఊళ్లలో మీరూ చూసుంటారు. ఆ మనిషికి అంతకంటే మంచి ఫొటో ఒక్కటీ దొరకలేదన్నమాట. సెలవులైపోయి హాస్టలుకు తిరిగొచ్చేలోపే, తీసిన వాటిలో పది ఏరి ప్రింటు వేయించి అవ్వ చేతికివ్వండి.