ప్రాంతీయ అసమానతలు: కారణాలు, చర్యలు

ఖనిజ సంపద ఉన్న ప్రాంతమంతా సంపన్నం కాలేదు. 1952లో కేంద్రం తెచ్చిన రవాణా వ్యయ సమానీకరణ విధానం బొగ్గు, ఉక్కు వంటి ముడిసరుకులకు దేశమంతటా ఒకే ధర దక్కేలా చేసింది. ఫలితంగా పరిశ్రమలు గనుల చెంతకు రాకుండా తీర ప్రాంతాలకు, పెద్ద మార్కెట్లకు తరలాయి. బిహార్, పశ్చిమ బెంగాల్, ఒడిశా నష్టపోయాయి. 1990ల్లో దీన్ని ఎత్తేసేనాటికే అంతరం స్థిరపడింది. వెనుకబడిన ప్రాంతాల నుంచి వలసలు, ప్రత్యేక రాష్ట్ర డిమాండ్లు, స్థానికులకే ఉద్యోగాలన్న ఉద్యమాలు ఈ అంతరానికి సామాజిక రూపాలు.

గుర్తుంచుకోవాల్సిన చర్యలు

• రాజ్యాంగ అధికరణం 371(2): విదర్భ, మరాఠ్వాడాలకు అభివృద్ధి బోర్డులు.
• 371డి: 32వ సవరణ (1973), ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్య, ఉద్యోగాల్లో స్థానిక అవకాశాలు. విభజన తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తుంది.
• 371జె: 98వ సవరణ (2012), హైదరాబాద్-కర్ణాటక ప్రాంతం.
• 15వ ఆర్థిక సంఘం: రాష్ట్రాల మధ్య పన్నుల పంపిణీలో ఆదాయ అంతరానికి 45 శాతం, జనాభాకు 15 శాతం వెయిటేజీ.
• ఆకాంక్షిత జిల్లాల పథకం: 2018 జనవరిలో ప్రారంభం, 112 జిల్లాలు, పర్యవేక్షణ నీతి ఆయోగ్. ఆంధ్రప్రదేశ్ నుంచి విజయనగరం, విశాఖపట్నం, కడప ఎంపికయ్యాయి.

అధికరణం, సవరణ, ప్రాంతం జతపరచమనే ప్రశ్నలకు ఈ మూడింటినీ కలిపి చదవండి. మెయిన్స్ వ్యాసంలో కారణంతోపాటు పరిష్కారమూ రాయండి.