అగ్గిపెట్టెలో గద్వాల చీర పడుతుందా?

గద్వాల చీరను మడిచి అగ్గిపెట్టెలో పెట్టవచ్చునని మీరు వినే ఉంటారు. మా ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లవాడూ ఈ మాట వింటూ పెరుగుతాడు. నేనూ విన్నాను. చిన్నతనంలో నమ్మాను కూడా. ఆ తర్వాత ఉపాధ్యాయుణ్ణయి, ఎనిమిదో తరగతికి సాంద్రత పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, "సార్, అయితే చీర సాంద్రత ఎంత?" అని అడిగింది. ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. మరునాడు ఒక అగ్గిపెట్టె, మా ఇంట్లోని చీర, కిరాణా కొట్టు నుంచి అడిగి తెచ్చిన త్రాసు పట్టుకుని తరగతికి వెళ్ళాను.

రండి, ఆ లెక్క ఇప్పుడు మీరూ నేనూ కలిసి చేద్దాం.

అగ్గిపెట్టె పొడవు 5 సెం.మీ., వెడల్పు 3.5 సెం.మీ., ఎత్తు 1.3 సెం.మీ. అనుకోండి. మూడింటినీ గుణిస్తే ఘనపరిమాణం సుమారు 23 ఘనపు సెంటీమీటర్లు. మా చీర 400 గ్రాములు తూగింది. జరీ ఎక్కువ ఉన్న చీరలు ఇంకా బరువుంటాయి. నూలు పోగులోని అసలు పదార్థం సాంద్రత ఘనపు సెంటీమీటరుకు దాదాపు 1.5 గ్రాములు, పట్టుది అంతకంటె కొంచెం తక్కువ. మన లెక్కకు 1.5 తీసుకుందాం. 400ను 1.5తో భాగిస్తే 267 వస్తుంది. అంటే పోగుల మధ్య రవ్వంత గాలి కూడా లేకుండా చీరను ఇనుప దిమ్మలా అణచగలిగినా, అది 267 ఘనపు సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. పన్నెండు అగ్గిపెట్టెలు కావాలి!

తిరగేసి కూడా చూడండి. ఒక్క అగ్గిపెట్టెలో పట్టాలంటే చీర 35 గ్రాములకు మించకూడదు. చీర అయిదున్నర మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉంటే వైశాల్యం 6.6 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు అయిదు గ్రాముల చిల్లర పడుతుంది. మీరు రాసుకునే నోటుపుస్తకం కాగితం చదరపు మీటరుకు యాభై గ్రాములకు పైనే ఉంటుంది. ఆ కాగితంకన్నా పదిరెట్లు పలచని బట్టను ఎవరు కట్టుకుంటారు?

కనుక ఆ మాట కొలత కాదు, పొగడ్త. తరగతిలో ఈ సంగతి తేలేసరికి కొందరు పిల్లల ముఖాలు చిన్నబోయాయి. ఒకడయితే "మా తాత అబద్ధమాడడు సార్" అన్నాడు. తాత అబద్ధమాడలేదు, మన ఊరి నేత ఎంత సన్ననిదో అలా చెప్పాడు అన్నాను. నిజానికి గద్వాల చీరలో ఆశ్చర్యపడవలసింది వేరే ఉంది. నడుమ బట్ట నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల దారాలను మగ్గంమీదనే, ఒకదాన్నొకటి పెనవేసుకునేలా పోగు పోగుకూ కలుపుతారు. దీన్ని కుప్పడం నేత అంటారు. ఈ చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏటా బ్రహ్మోత్సవాలకు తిరుమల వెళ్ళే ఏరువాడ జోడు పంచెలు కూడా గద్వాల మగ్గాలమీద నేసినవే.

ఇక్కడితో పాఠం అయిపోయేది. కాని ఆ తరగతిలోనే కూర్చున్న ఒక కుర్రవాడు పెద్దవాడై చీరల వ్యాపారంలో దిగాడు. అతని తండ్రి తెల్లని గుడ్డలో చీరల మూట కట్టి, భుజాన వేసుకుని, బస్సెక్కి వనపర్తి, నాగర్‌కర్నూలు తిరిగేవాడు. నాగర్‌కర్నూలుకు రైలు లేదు. వనపర్తి రోడ్ అనే స్టేషను పేరులోనే వనపర్తి ఉంది, ఊరికి మాత్రం దూరం. కాబట్టి బస్సే గతి. కొడుకు బెంగుళూరుకు రైల్లోనూ, ఢిల్లీలో ప్రదర్శనలకు విమానంలోనూ వెళుతున్నాడు. ఈమధ్య వచ్చి, "సార్, గాలి లాగేసే ప్లాస్టిక్ సంచులు కొన్నాను. చీరలు సగం చోటులో సర్దుకున్నాయి. అయినా విమానం దగ్గర బరువు ఎక్కువయిందని డబ్బు కట్టించుకున్నారు" అన్నాడు.

"నువ్వు ఎనిమిదో తరగతి లెక్క మరిచిపోయావు" అన్నాను.

మడిచిన చీర 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు, రెండున్నర సెం.మీ. మందం ఉందనుకోండి. అంటే 1500 ఘనపు సెంటీమీటర్లు. అందులో పోగు 267 మాత్రమే. మిగిలిన 1233 గాలి. వందకు 82 పాళ్ళు! మనం పెట్టెలో సర్దేది బట్టలకంటె ఎక్కువగా గాలినే. ఆ గాలిని లాగేస్తే చోటు మిగులుతుంది, నిజమే. కాని త్రాసు ముల్లు కదలదు. చీరకున్న 400 గ్రాములూ అలాగే ఉంటాయి.

మన దేశంలో తిరిగే విమానాల్లో చేతిపెట్టెకు సాధారణంగా 7 కిలోలు అనుమతిస్తారు. ఖాళీ పెట్టే రెండున్నర కిలోలుంటే మిగిలింది నాలుగున్నర. చీరకు 400 గ్రాముల చొప్పున పదకొండు చీరలు. అవి మామూలుగా మడిచినా 16.5 లీటర్ల చోటే పడతాయి. 55, 35, 25 సెంటీమీటర్ల పెట్టెలో 48 లీటర్ల చోటుంటుంది. అంటే పెట్టెలో మూడింట రెండు వంతులు ఖాళీగా ఉండగానే బరువు పరిమితి దాటిపోతుంది. అక్కడ చోటును పొదుపు చేసి లాభమేమిటి? రైలు సంగతి వేరు. స్లీపరు తరగతిలో 40 కిలోల వరకు ఉచితం, కాని బెర్తు కింద చోటు తక్కువ. అక్కడ ముందు అయిపోయేది చోటు, కనుక గాలి తీసే సంచి పనికొస్తుంది. ప్రయాణానికి సర్దేముందు వేసుకోవలసిన ప్రశ్న ఇదే: ముందు ఏది అయిపోతుంది, చోటా, బరువా?

అయినా పట్టుకు ఆ సంచులు వద్దని అతనికి చెప్పాను. కారణం వినండి. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువు మోపినంత. చీర మడత 30 × 20, అంటే 600 చదరపు సెంటీమీటర్లు. సంచి లోపల పూర్తి శూన్యం చేస్తే చీరమీద 600 కిలోలు మోపినట్టు! ఇంట్లోని చేతి పంపుతో అంత శూన్యం రాదనుకోండి. లోపలి ఒత్తిడి పదో వంతు తగ్గించినా 60 కిలోలు. ప్రయాణమంతా ఒక మనిషి చీరమీద నిలబడి వచ్చినట్టే. నూలులో సెల్యులోజు అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మడతపెట్టి నొక్కినప్పుడు, ముఖ్యంగా తేమ ఉంటే, ఈ బంధాలు తెగి వంగిన స్థితిలోనే మళ్ళీ కుదురుకుంటాయి. అదే ముడత. ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చల్లేది ఈ బంధాలను వదులు చేయడానికే. నూలు ముడత ఇస్త్రీకి పోతుంది. జరీలోని సన్నని లోహపు రేకు ఒకసారి చిట్లితే ఏ ఇస్త్రీ దాన్ని అతకదు. మన అమ్మమ్మలు పట్టుచీరను అప్పుడప్పుడు విప్పి మడత మార్చి పెట్టేవారు గదా, ఒకే గీతమీద పోగులు నలగకుండా ఉండాలనే.

తేమ అన్నాను గనుక ఇంకో మాట. చుట్టూ గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు నూలు తన పొడి బరువులో ఎనిమిదిన్నర శాతం, పట్టు సుమారు 11 శాతం నీటిని పీల్చి ఉంచుకుంటాయి. చేతికి పొడిగా తగిలే మన చీరలోనూ ముప్పై గ్రాములకు పైగా నీరుంటుంది! తడిసినప్పుడు నూలు, పట్టు ఒకే తీరున ముడుచుకోవు. అందుకే గద్వాల చీర తడిస్తే అంచు దగ్గర కుచ్చులు పడే ప్రమాదం ఉంది. వానాకాలంలో ప్లాస్టిక్ సంచి తప్పదు, కాని గమ్యం చేరగానే విప్పి గాలి తగలనివ్వాలి. లోపల చిక్కిన తేమకు పోవడానికి దారి ఉండదు.

మా విద్యార్థి మొదటి విమాన ప్రయాణంలో నష్టపోయింది మాత్రం నీటివల్ల కాదు, కొబ్బరినూనెవల్ల. చీరల పెట్టెలో ఒక మూలన సగం వాడిన నూనె సీసా పెట్టుకున్నాడు. ఢిల్లీలో పెట్టె తెరిచేసరికి నాలుగు చీరల అంచులకు నూనె. మూత గట్టిగానే బిగించానంటాడు. నిజమే కావచ్చు. విమానం పైకి వెళ్ళాక లోపలి గాలి ఒత్తిడి నేలమీది దానిలో సుమారు నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది. సామాను ఉంచే అరలోనూ అంతే. సీసాలో 60 ఘనపు సెంటీమీటర్ల గాలి ఉంటే అది 80కి వ్యాకోచించాలని చూస్తుంది. సీసా అడ్డంగా పడి ఉంటే మూత దగ్గరున్న నూనెను ఆ గాలి బయటికి నెడుతుంది. తర్వాతి పని కేశనాళికీయతది. దీపంలో వత్తి నూనెను పీల్చినట్టే చీర పోగులు పీల్చాయి. రోజుల తరబడి మగ్గంమీద కూర్చున్నవారి కష్టం ఒక్క గంటలో మాసిపోయింది. ఇప్పుడతను ప్లాస్టిక్ సీసాను చేత్తో నొక్కి, గాలి పోయాక మూత బిగిస్తాడు. గాలి వ్యాకోచించినా సొట్ట సర్దుకుంటుంది, నూనె బయటికి రాదు. అది కూడా చీరల పెట్టెలో కాదు, వేరే సంచిలో.

చక్రాల పెట్టె సంగతి కూడా చెప్పనివ్వండి. చక్రం వేల ఏళ్ళనాటిది. పెట్టెకు చక్రాలు తగిలించినందుకు అమెరికాలో బెర్నార్డ్ సాడోకు పేటెంటు వచ్చింది మాత్రం 1972లో! మనిషి చంద్రునిమీద దిగిన తర్వాతన్నమాట. పొడవాటి పిడితో వంచి లాగే పెట్టెను రాబర్ట్ ప్లాత్ అనే విమాన చోదకుడు 1987లో తయారుచేశాడు. వంచి లాగే పెట్టె రెండో తరగతి లివరు. చక్రం ఆధారం, పెట్టె బరువు మధ్యలో, మీ చెయ్యి చివర. చక్రం నుంచి చేతివరకు 100 సెం.మీ. ఉండి, 15 కిలోల బరువు చక్రం నుంచి 30 సెం.మీ. దూరంలో కేంద్రీకృతమైతే, పెట్టెను అడ్డంగా వంచినా చేతిమీద పడేది నాలుగున్నర కిలోలే. బరువైన చీరలు చక్రాల వైపు, తేలికైన తువ్వాలు పిడి వైపు సర్దితే ఇంకా తగ్గుతుంది. అవే చీరలు పైన పెట్టి లాగి చూడండి, తేడా మీ మణికట్టే చెబుతుంది.

ఇప్పుడతను నలభై చీరలు మోయడు. పది తీసుకెళ్ళి, మిగిలినవి ఫోనులో బొమ్మలుగా చూపిస్తాడు. ఫోనుకు ప్రాణం పవర్ బ్యాంకు. దాన్ని విమానంలో సామాను పెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషులున్నచోటయితేనే వెంటనే ఆర్పగలరు. 100 వాట్-గంటల వరకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. పవర్ బ్యాంకుమీద 20,000 మిల్లీ ఆంపియర్-గంటలని ఉంటే అది 20 ఆంపియర్-గంటలు. 3.7 వోల్టులతో గుణించండి. 74 వచ్చింది, పరవాలేదు.

ఫోను బొమ్మతో ఒక చిక్కుంది. దుకాణంలో గొట్టపు దీపం కింద తీసిన బొమ్మలో నెమలికంఠం రంగు ఒకలా ఉంటుంది, కొన్నవారింట్లో ఎండలో చీర మరోలా కనిపిస్తుంది. అలా ఒక చీర తిరిగి వచ్చింది కూడా. వస్తువు తనపై పడిన కాంతిలోంచి కొన్ని రంగులనే మన కంటికి పంపుతుంది. దీపం మారితే పడే కాంతి మారుతుంది, కనుక తిరిగి వచ్చేదీ మారుతుంది. అందుకే అతను చీరను ఉదయంపూట ఆరుబయట నీడలో పరచి, పక్కనే ఒక తెల్లకాగితం పెట్టి ఫోటో తీస్తాడు. బొమ్మలో కాగితం పచ్చగానో నీలంగానో కనిపిస్తే రంగు తప్పిందని అర్థం, మళ్ళీ తీస్తాడు.

మీ ఇంట్లో ఏదయినా చీర అడిగి తీసుకుని ట్యూబులైటు కింద ఒకసారి, ఎండలో ఒకసారి తెల్లకాగితం పక్కన పెట్టి చూడండి. పనిలో పనిగా దాన్ని తూచి, మడిచి, స్కేలుతో కొలిచి అందులో గాలి ఎన్ని పాళ్ళో లెక్క కట్టండి. అమ్మ చీరయితే ముందు అడగండి, చేతులు కడుక్కుని ముట్టుకోండి.