చెట్టు ఆరోగ్యమును గుర్తించుట ఎట్లు?

రచ్చబండపై నీడనిచ్చు వేప, రావి, మఱ్ఱి చెట్లు గ్రామమునకు తాతలనాటి ఆస్తి. వాని క్రిందనే సభలు జరుగును, పిల్లలు ఆడుకొందురు. అట్టి చెట్టు గాలివానకు విరిగిపడినచో ప్రాణనష్టము కలుగవచ్చును. కావున చెట్టును పరీక్షించు విధము పంచాయతీ సభ్యులెల్లరు తెలిసికొనవలెను.

పచ్చదనమొక్కటే బలమునకు గుర్తు కాదు. వేళ్ళనుండి నీటిని ఆకులకు చేర్చునది బెరడు లోపలనున్న లేతకొయ్య. నడుమనున్న చేవ కుళ్ళి బోలుపడినను, ఈ లేతకొయ్య బ్రతికియున్నంత కాలము ఆకులు పచ్చగనే యుండును.

ఎండినట్లు కనబడిన చెట్టెల్ల చచ్చినదియు కాదు. 2021లో తెలంగాణలో పలుచోట్ల వేపచెట్లు కొమ్మల చివరలనుండి మాడి మోడులవలె కనబడెను. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము దీనికి ముఖ్యకారణము. చచ్చినవని తలచిన చెట్లలో అనేకము మరల చిగిర్చెను. కావున గొడ్డలి ఎత్తకముందు బెరడును గోటితో కొంచెము గీచి చూడుడు. లోపల పచ్చగ, తడిగ నున్నచో ఆ భాగము సజీవము.

చెట్టును మొదలునుండి తలవఱకు ఈ క్రమమున పరిశీలింపవలెను:

1. మొదలు: సిమెంటు రోడ్డుకో, మురుగుకాల్వకో త్రవ్వినప్పుడు పెద్ద వేళ్ళు తెగినవా? మొదట కుక్కగొడుగులు మొలచినచో లోపల కుళ్ళు కలదని అనుమానింపవలెను.

2. మాను: కొయ్యసుత్తితో తట్టినచో బోలు శబ్దము వచ్చుచున్నదా? తొఱ్ఱలు, చెదపుట్టలు, నిలువు చీలికలు కలవా?

3. పంగలు: రెండు లావుకొమ్మలు ఇఱుకు సందుతో చీలి, నడుమ బెరడు చిక్కుకొనియున్న పంగ బలహీనము.

4. వాలు: మొదటినుండి వంగి పెరిగిన చెట్టువలన భయము తక్కువ. క్రొత్తగ ఒరిగి, ఎదుటి వైపు నేల పగిలి ఉబ్బినచో ప్రమాదము సమీపించినదని తెలియవలెను.

మహబూబ్‌నగర్ సమీపమున గల పిల్లలమఱ్ఱి వృక్షపు పెద్దకొమ్మ యొకటి 2017లో విరిగిపడెను. చెదలు తొలుచుట గుర్తించి, 2018లో సెలైను సీసాలతో చుక్కచుక్కగ మందు ఎక్కించి, కొమ్మలకు ఊతములు కట్టిరి. ముందుగ చూచిన చికిత్స సులభము.

లోపము కనబడినచో మొదట చెట్టుక్రిందికి జనులు పోకుండ కంచె కట్టుడు. అటవీశాఖవారికి తెలుపుడు. తొఱ్ఱను సిమెంటుతో పూడ్చకుడు; దానివలన కుళ్ళు ఆగదు. ఎండుకొమ్మలను అనుభవజ్ఞులచే తీయింపుడు. చెట్టునే కొట్టవలసివచ్చినచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి పొందవలెను.

ఏటేట తొలకరికి ముందును, ప్రతి గాలివాన తరువాతను ఊరి చెట్లను చూచి, వాని స్థితిని పంచాయతీ పుస్తకమున వ్రాసియుంచుడు. నీడ నిలుచును, దాని క్రింద కూర్చున్నవారును క్షేమముగ నుందురు.