నాన్న ఇచ్చిన జీపీఏ ఇంకా చెల్లుతుందా?

ఈ ఆరు నెలల్లో నలుగురు వచ్చారు నా దగ్గరికి. నలుగురి చేతిలోనూ ఒకటే కాగితం: అమ్మో నాన్నో బాగున్న రోజుల్లో రిజిస్టర్ చేసిచ్చిన జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. ఆ పెద్దవాళ్లకు ఇప్పుడు డిమెన్షియా. కన్నబిడ్డల పేర్లే గుర్తులేవు. అయినా జీపీఏ ఉంది కదా, పనులు ఆగవని నలుగురిదీ ధీమా.

ఆ కాగితం ఇక పనికిరాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారమూ పోతుంది. రిజిస్టర్ అయిందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. అమెరికాలో మనిషికి తెలివి తప్పాక కూడా నడిచే పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. అక్కడున్న పిల్లలు ఇక్కడా అంతే అనుకుంటారు. ఇక్కడ అలా లేదు. తెలివి లేని తల్లి వేలిముద్ర కొత్త జీపీఏ మీద వేయించేవాళ్లూ ఉన్నారు. అది మొదటినుంచీ చెల్లనిదే, పైగా క్రిమినల్ కేసుకు దారి.

మొన్నటి కేసు చెబుతాను. తెనాలి వైపు ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు. కూతురు ఉద్యోగం మానేసి చూసుకుంటోంది. పగలు ఆయా, రాత్రి తనే. ఆయా జీతానికి, మందులకు, డైపర్లకు పెన్షన్ చాలక, పాత జీపీఏ పెట్టి ఆయన పేరునున్న స్థలం అమ్మింది. డాక్యుమెంట్ రైటర్ ఏం ఫర్వాలేదన్నాడట. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మనిషి బతికున్నాడా అని మాత్రం అడిగారు. ఇప్పుడు అమ్మకం చెల్లదని ఆమె అన్న దావా వేశాడు, మోసపోయానని కొన్నాయన పోలీసుల దగ్గరికెళ్లాడు. నాలుగేళ్లుగా తండ్రికి స్నానం చేయించి అన్నం తినిపిస్తున్న మనిషిని ఊళ్లో దొంగ అంటున్నారు. స్థలం అమ్మేముందు ఒక్క వకీలునైనా అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు.

మరి దారేమిటి? 1987 మానసిక ఆరోగ్య చట్టం కింద ఆస్తి చూసేందుకు జిల్లా కోర్టు మేనేజరును నియమించేది. 2018 మే నుంచి దాని బదులు అమలవుతున్న 2017 చట్టంలో ఆ అధ్యాయమే లేదు. కొత్త చట్టంలోని నామినేటెడ్ ప్రతినిధి వైద్యం విషయమే చూడగలడు, బ్యాంకు ఖాతా ముట్టుకోలేడు. అందుకే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేసి, సంరక్షకులుగా నియమించమని కోరాల్సి వస్తోంది. డాక్టర్ల నివేదిక, ఆస్తుల జాబితా, తోడబుట్టినవాళ్ల అంగీకార పత్రాలు సిద్ధం చేసుకోండి. ఇదేదీ తెలుసుకోకుండా ఒక బ్యాంకు మేనేజరు నా క్లయింటును ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. చనిపోయినవాళ్ల కుటుంబం తెచ్చుకునే కాగితం అది! బతికున్న తండ్రికి అది తెమ్మంటే ఆ బిడ్డ ఎంత ఏడ్చిందో నేను చూశాను.

జబ్బు మొదటి దశలో ఉంటే ఆలస్యం చేయకండి. తనేం చేస్తున్నాడో మనిషికి అర్థమవుతున్నంత కాలం ఆయన సంతకం చెల్లుతుంది. ఆయన ఇష్టప్రకారమే, సంతకం చేసే రోజు తేదీతోనే డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని, వీలునామా రాయించండి, ఖాతాలు జాయింటు చేయించండి. ఆస్తి ఎక్కువుంటే ట్రస్టు ఆలోచించండి, మతి తప్పినా అది నడుస్తుంది. గిఫ్ట్ డీడ్ రాస్తే, తనను పోషించాలన్న షరతు అందులో ఉండి తీరాలి. లేకపోతే 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయించడం కష్టం. జీపీఏ మాత్రం, ఈ దశలో రాయించినా, రేపు మతి పోయాక నిలవదు.

ఖర్చంతా ఒక్కరి నెత్తిన పడితే, అదే 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌లో పెద్దవాళ్ల తరఫున మిగతా పిల్లల నుంచి భరణం అడగొచ్చు. ఆర్డీవోనే ఆ ట్రిబ్యునల్. దానికి రోజువారీ లెక్కల పుస్తకం కావాలి: ఆయా జీతం, మందుల బిల్లు, ఆటో చార్జీ అన్నీ. నెలకోసారి ఆ పేజీ ఫోటో తీసి తోబుట్టువులకు పంపండి. హెడ్మాస్టారి కూతురు అలాంటి పుస్తకమే రాసింది. ఈ కేసులో మా చేతిలో ఉన్న బలమల్లా అదే.

గత వాయిదాకు పుస్తకం సంచిలో పెట్టుకుని వచ్చింది. మా కేసు పిలిచేసరికి ఒంటిగంట దాటింది, మళ్లీ వాయిదా పడింది. తేదీ కూడా రాసుకోలేదు. "ఆయా రెండింటికి వెళ్లిపోతుందండీ" అంటూ బస్టాండు వైపు పరుగెత్తింది.